శిక్షణ పొందిన వానపాములు

మా ఆయన చక్రధర్‌కు ఇంట్లో ఎవరైనా ఖాళీగా కనబడితే తోచదు. పిల్లి నిద్రపోతుంటే లేపి ఎలుకల సంగతి అడుగుతారు. ఈ పూట డాబా మీది తోటలో ఉన్న వానపాములన్నిటినీ శిక్షణకు పంపిస్తున్నారు.

అవి కుండీల అంచుల మీదుగా దిగి, మెట్ల మీద వరస కట్టి, గేటు ముందు ఆగిన బస్సెక్కుతున్నాయి. నేను బియ్యం కడిగిన నీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడ్డాను. రోజూ ఆ నీళ్ళు వాటికే పోస్తాను. ఒక్కటీ వెనక్కి తిరిగి చూడదు. చూసినా ఏ కొసతో చూస్తోందో నాకు తెలియదనుకోండి.

"వాటికెందుకండీ శిక్షణ?" అంటాను.

"ఇన్నేళ్ళుగా మట్టిలో పనిచేస్తున్నాయి. ఒక్కదానికైనా అర్హత ఉందా?" అంటారాయన టై సర్దుకుంటూ. "పైవాళ్ళు చెప్పారు. కాదనడం నా పని కాదు."

వ్యవసాయానికీ పర్యావరణానికీ రాబోయే కాలంలో ఎలాంటి పనివాళ్ళు కావాలో, వాళ్ళకేం నేర్పాలో తేల్చే ఆఫీసులో ఆయన అధికారి. ఇంటిని కూడా ఆ లెక్కలోనే కలిపేశారు. బోటనీలో డిగ్రీ ఉన్న నన్ను 'పని లేనివారు' అనే గడిలో వేశారు. గడి ఇరుకే గానీ గాలి వస్తుంది. మూడు పూటలా వంట చేసి, మిగతా వేళల్లో అందులో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తుంటాను.

మా అత్తయ్య అనసూయమ్మగారికి అరికాళ్ళ మంటలు. భోజనమయ్యాక డాబా మీద కుర్చీ వేయించుకుని, ఎదురుగా ఉన్న పెద్ద సిమెంటు తొట్టిలోని తడిమట్టిలో పాదాలు దూరుస్తారు. వానపాములు కాళ్ళ కింద మెసులుతుంటే ప్రాణం లేచొస్తుందంటారు. బస్సు వెళ్ళిపోయాక కూడా అలాగే కూర్చుంటారు.

సాయంత్రం కాఫీ తీసుకెళ్ళేసరికి తొట్టిలో మట్టి రాయిలా బిగుసుకుపోయి ఉంది.

"అమ్మాయ్, కాళ్ళు రావట్లేదే," అంటారు గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి. "పంచదార కూడా తగ్గింది."

అట్లకాడతో తవ్వుతాను. అట్లకాడ వంగుతుంది. నీళ్ళు పోస్తాను. నీళ్ళు కాసేపు మట్టి మీద నిలబడి, లోపలికి దారి దొరక్క, తిరిగి బకెట్లోకి ఎక్కుతాయి. పక్క కుండీలో వంకాయలు గోలీలంత అయిపోయి ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి.

తెల్లారేసరికి మట్టి పెరిగి అత్తయ్య పిక్కల దాకా వస్తుంది. మరునాటికి మోకాళ్ళు కనబడవు. ఆవిడకు అన్నం డాబా మీదే కలిపి పెడుతున్నాను.

మా ఆయన టేపు తెచ్చి కొలుస్తారు.

"ఇది మట్టి సమస్య కాదు, నైపుణ్యాల కొరత," అంటారు.

"కన్నతల్లి కాళ్ళురా అవి," అంటారు అత్తయ్య.

"తెలుసమ్మా. వచ్చే ఏడాది ప్రణాళికలో చేర్చాను."

ఇంతలో బస్సు తిరిగొస్తుంది. వానపాములు నిటారుగా నిలబడి దిగుతాయి. ఒక్కోదానికీ ఒక టై, ఒక గుర్తింపు కార్డు. వాటికి మెడ ఎక్కడుందో ఎవరో కనిపెట్టారు. ఆ శిక్షణలో నాకు నచ్చింది అదొక్కటే. అన్నీ పైకొచ్చి తొట్టి చుట్టూ నిలబడతాయి.

"నమస్తే మేడం. ఈ తొట్టికి మేం పర్యవేక్షకులం," అంటుంది ముందున్నది.

"సంతోషం. మరి మట్టి తినేదెవరు?"

"తినేవాళ్ళను మీరు తీసుకురావాలి. వాళ్ళు సరిగ్గా తింటున్నారో లేదో మేం చూస్తాం."

"మొన్నటి దాకా మీరే తిన్నారు కదా."

"అప్పటికి మాకేం తెలియదు మేడం. తినడం తక్కువ పని అని మొదటి క్లాసులోనే చెప్పారు."

ఒళ్ళు మండిపోతుంది నాకు. గడిలోంచి లేస్తాను. గీతలు చీరకు అంటుకుని వస్తే దులిపేస్తాను.

"ఏమండీ, కింద పనిచేసేవాళ్ళందర్నీ పైకి లేపి నిలబెట్టారు. వాళ్ళ పనికి విలువ కట్టమంటే, ఆ పని మీద అసహ్యం నేర్పించి పంపారు. ఇప్పుడు కింద ఎవరున్నారు?"

"కిందివాళ్ళ సంగతి రెండో దశలో చూస్తారు."

"రెండో దశకు నా పీక దాకా వస్తుందిరా చక్రీ," అంటారు అత్తయ్య. మట్టి అప్పటికే ఆవిడ ఒళ్ళోకి చేరి, అక్కడ పెట్టుకున్న తమలపాకుల పళ్ళేన్ని మెల్లగా పైకెత్తుతోంది.

నేను ముందున్న వానపాము వైపు తిరుగుతాను. "ఇక్కడ ఒక ఖాళీ ఉంది. ఎలాంటివాళ్ళు కావాలి?"

అది కార్డు తిప్పి చూసుకుంటుంది. "చీకట్లో పనిచేయగలగాలి. పైనుంచి ఏది పడితే అది మారు మాట్లాడకుండా మింగాలి. వెన్నెముక ఉండకూడదు."

అందరం మా ఆయన వైపు చూస్తాం.

ఆయన చెప్పులు విడిచి పక్కపక్కన పెడతారు. టై విప్పి నాకిస్తారు. తల్లి మోకాళ్ళు మునిగిన చోట తల ఆనిస్తారు. మట్టి కాస్త దారిస్తుంది. భుజాల దాకా, నడుం దాకా లోపలికి వెళ్ళిపోతారు.

"బాగా చేస్తున్నారు. అలవాటున్న మనిషి," అంటుంది వానపాము.

నేను బియ్యం కడిగిన నీళ్ళు పోస్తాను. ఈసారి నీళ్ళు వెనక్కి రావు.

"ఏదో మెసులుతోందే అమ్మాయ్," అంటారు అత్తయ్య. ఆవిడ ఒళ్ళోని మట్టి పొడిపొడిగా జారుతుంది. మోకాళ్ళు బయటపడతాయి, తర్వాత పిక్కలు. నేను చంకల కింద చేతులు వేసి లాగితే పాదాలు చల్లగా ఊడివస్తాయి.

మా ఆయన పాదాలు మాత్రం ఇంకా ఆ తొట్టిలోంచే పైకి కనబడుతున్నాయి. తల డాబా ఆ చివర, కరివేపాకు కుండీలోంచి బయటికొస్తుంది. మధ్యలో బీర కుండీ, గోంగూర కుండీ ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా ఉబ్బి తగ్గుతున్నాయి.

"చిన్నప్పుడు వీడు పొడుగవడేమోనని బెంగపడేదాన్ని," అంటారు అత్తయ్య పాదాలు తుడుచుకుంటూ.

ఆయన నోరు తెరుస్తారు. ముందు మెత్తటి నల్లమట్టి, టీ పొడిలా, రవ్వరవ్వగా రాలుతుంది. దాని వెనకాల మాట వస్తుంది.

"తప్పు..."

"గట్టిగా చెప్పరా, వినిపించట్లా."

వానపాములు టైలు విప్పి బీరపాదుకు కడుతున్నాయి. ఆ చప్పుడు ఆగేదాకా ఆయన ఆగుతారు.

"తప్పు నాదేనమ్మా. కాదనాల్సింది."

ఆ మాట అన్ని కుండీల్లోంచీ ఒకేసారి వస్తుంది. పక్కింటి డాబా మీది బంతి కుండీల్లోంచి కూడా. ఆ పైన, వీధి చివరిదాకా, ఒక్కో డాబా మీదా మట్టి మెల్లగా ఉబ్బి, ఆయన గొంతుతో అదే మాట అని, తగ్గుతోంది.