తొమ్మిదో దీపం

"గుడ్డివాడి చేతికి అద్దమిచ్చినట్టు, పగలంతా ఆవిడకి లైటెందుకండీ?" అంది కోడలు, దువ్వెనను జుట్టులోనే ఆపి.

భర్త బూటు లేసు కట్టుకుంటూ తలెత్తలేదు. "మళ్ళీ మొదలా? నిన్నటితో అయిపోయిందనుకున్నా."

"మీకు అయిపోతుంది. స్క్రీను ముందు కూర్చునేదాన్ని నేను కదా."

లోపలి గదిలోంచి ముసలావిడ గొంతు వచ్చింది. "నా గురించేనా?"

"నీ గురించి కాదమ్మా, కరెంటు గురించి."

"కరెంటు గురించయితే నా గురించేరా."

కొడుకు నవ్వి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో ఏ గొడవైనా అతను గడప దాటడంతోనే ఆగేది, తీరేది కాదు.

ముసలావిడ గదికి కిటికీ లేదు. తలుపు మూస్తే ఊపిరాడదంటుంది. తెరిచి ఉంచితే బల్బు వెలుగు గుమ్మం దాటి, హాల్లో మూలనున్న కోడలి బల్ల మీదికి వచ్చి, కంప్యూటర్ స్క్రీను మీద పచ్చటి మరకలా కూర్చుంటుంది. కోడలు హాలు కర్టెన్లన్నీ మూసుకుంటుంది. ఆ ఒక్క మరక మాత్రం పోదు.

ఆమె పనంతా చీకటితోనే. అంతరిక్షంలో ఎగురుతున్నట్టు అనిపించే సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. కొనుక్కున్నవాళ్ళు అందులో సొంత స్టేషన్లు కట్టుకుని, గదులు పేర్చుకుని, దీపాలు పెట్టుకుంటారు. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక అవిటితనం ఉంది. ఒకేసారి ఎనిమిది దీపాలనే వెలిగించగలదు. తొమ్మిదోది వేస్తే, చూసేవాడికి అన్నిటికన్నా దూరంగా ఉన్నది చప్పుడు చేయకుండా ఆరిపోతుంది. ఒక గోడ మీది వెలుగు పక్క గోడకు పాకడం కూడా దానికి చేతకాదు. దీపం లేని చోటు బొగ్గుగనే. ఆ లోటు ఎవరి కంటా పడకుండా సర్దడం ఆమె ఉద్యోగం. నలుపులోంచి నలుపును విడదీసి చూడగలిగితేనే ఆ పని సాగుతుంది.

చీకటిలో చూడటం ఆమెకు ఈ ఉద్యోగం నేర్పింది కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో, అందరూ తిని లేచాక వంటింట్లో ఒక్కతే కంచం ముందు కూర్చుంటే, అత్తగారు వచ్చి టక్కున స్విచ్చి నొక్కేసేది. "ముద్దకి నోటిదారి తెలీదా ఏంటి?" అని నవ్వేది. అప్పటికింకా ఆవిడ చూపు పోలేదు, చీమ కాళ్ళు లెక్కపెట్టేంత వాడి. కోడలు ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు. మరిచిపోనూ లేదు.

పదకొండింటికి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. టీమ్ లీడరుది ఆమె తమ్ముడి కొడుకంత వయసు.

"మేడం, ఆ కస్టమర్ మళ్ళీ రాశాడు. ముందు తలుపు దగ్గరికొస్తే చివరి గది చీకటైపోతోందట. సాయంత్రానికి పంపేయాలి."

"తొమ్మిదో దీపం కుదరదు కదా బాబూ."

"కుదరదని మనకి తెలుసు. ఆయనకి తెలియకూడదు. మీరేదో ఒకటి చేస్తారులెండి."

ఏం చేయాలో ఆమెకు తెలుసు. చివరి గదిలోంచి దీపం తీసేసి, గోడలకే వెలుగు రంగు పూయాలి. దీపం ఉండదు, ఉన్నట్టుంటుంది. మొదటి గోడకు రంగు పూస్తూ ఆమె చెయ్యి ఆగింది. తలెత్తి గుమ్మంలోని వెలుగు వైపు చూసింది.

అత్తగారిని స్నానానికి తీసుకెళ్ళి స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆవిడ నీళ్ళు పోసుకుంటూండగా వచ్చి, బల్బును తువ్వాలుతో పట్టుకుని విప్పి, వంటింటి అలమరలో పెట్టింది. ఆవిడను తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాక స్విచ్చి నొక్కింది.

టక్.

"లైటు వేశానత్తయ్యా."

ముసలావిడ ముఖం పైకెత్తింది. తర్వాత మెల్లగా కోడలు నిలబడ్డ వైపు తిప్పి, అక్కడే చాలాసేపు ఉంచింది.

"ఆఁ," అంది చివరికి. "ఇప్పుడు హాయిగా ఉంది. చల్లగా ఉండమ్మా."

మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చిన కూతురు ఆ సంగతి విని ఎగిరి గంతేసింది. "నిజంగానా? ఏదీ, నేనూ చూస్తా!" గుమ్మంలో నిలబడి స్విచ్చి నొక్కింది. "నాన్నమ్మా, ఇప్పుడో?"

"తీసేశావే."

టక్. "ఇప్పుడు?"

"వచ్చింది."

పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. తండ్రికి ఫోను చేసి చెబితే, "పోనీలే, గొడవ వదిలింది," అని ఆయనా నవ్వాడు. కోడలు నవ్వింది. ముసలావిడ కూడా వాళ్ళతో పాటు నవ్వింది, కాస్త ఆలస్యంగా.

ఆ తర్వాత ఆవిడ ఏమీ అడగలేదు. రోజూ అయితే గంటకోసారి టైమెంతని, ఎవరొచ్చారని, లైటుందా అని చెవిలో జోరీగలా ఉండేది. హాలంతా చక్కటి చీకటి. కోడలికి ఇన్నేళ్ళలో అంత బాగా పని సాగిన రోజు లేదు. చివరి గదిలో గోడల నుంచి నేల మీదికి దిగే వెలుగును కూడా పూసి, చెప్పిన సమయానికి ముందే పంపేసింది.

"సూపర్ మేడం, అసలు తెలియట్లేదు," అన్నాడు టీమ్ లీడరు.

ఆ సంతోషంలో టీ పెట్టి అత్తగారికీ ఒక కప్పు తీసుకెళ్ళింది. పిలిచింది. భుజం తట్టింది. చెయ్యి ముట్టుకుని, చల్లగా తగలగానే వెనక్కి తీసేసుకుంది.

చీకట్లోనే కప్పు కింద పెట్టింది. తర్వాత ముందుగా చేసిన పని భర్తకు ఫోను చేయడం కాదు. అలమరలోంచి బల్బు తెచ్చి, స్టూలెక్కి, బిగించింది. మనుషులొస్తారు.

వచ్చారు, వెళ్ళారు. ఆడపడుచు ఒక్కతే మిగిలింది. మర్నాడు సాయంత్రం భర్తా, కూతురూ, ఆడపడుచూ హాల్లో కూర్చుని ఉండగా కోడలు లోపల మంచం మీది దుప్పటి తీసింది. దిండు ఎత్తితే దాని కింద వేలెడంత టార్చి కనిపించింది. మామగారిది, ఏనాటిదో. మీట ముందుకు తోసి ఉంది. వెలుగు లేదు. వెనక్కి లాగి మళ్ళీ తోసింది. బ్యాటరీ పూర్తిగా అయిపోయింది.

కనపడనివాళ్ళు టార్చి వేసుకోరు.

దాన్ని పరుపు మీద పెట్టి, దుప్పటి మడతపెట్టుకుని హాల్లోకి వచ్చింది.

"రేపట్నుంచి నా బల్ల ఆ గదిలో వేసుకుంటున్నా," అంది నెమ్మదిగా, ముగ్గురినీ చూస్తూ.

ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది. "నీ ఇష్టం వదినా. ఎన్నాళ్ళు ఆ మూల అవస్థ పడతావు?"

"మంచి పని. పెద్ద బల్బు వేయించనా?" అన్నాడు భర్త.

"వద్దు. ఉన్నది కూడా తీసేయండి."

లోపల, దుప్పటి తీసేసిన పరుపు మీద ఆ టార్చి మీట ముందుకు తోసినది తోసినట్టే, గుమ్మం వైపు తిరిగి ఉంది.