అమెరాత్ దిగుడు

అమెరాత్ కొండదారి దిగుడు సగానికి వచ్చేసరికి బ్రేకు మెత్తబడింది. ఇస్తారి గేరు తగ్గించాడు. ఇంజన్ అరిచింది. క్యాబిన్ నిండా కాలిన వాసన.

"నే జెప్పలా?" పక్క సీట్లోని మెకానిక్ ఖమరుద్దీన్ డాష్‌బోర్డు పట్టుకున్నాడు. "కడపోని మాట ఎవరింటారు."

"జర నోరు మూస్కో భాయ్."

పికప్ వీపు మీద కొత్త క్యాంపర్. పడకలు, పొయ్యి, నిండా నీళ్ల ట్యాంకు ఉన్న చిన్న ఇల్లు. అది బండిని ముందుకు తోస్తోంది. ఎలాగో కిందికి చేరి ఇస్తారి బండి ఆపాడు. ముందు చక్రాల నుంచి పొగ లేచింది.

రేపు యజమాని హమద్ పిల్లలతో ఇదే బండిలో జెబెల్ షమ్స్ కొండకు వెళ్లాలి. క్యాంపర్‌ను మోస్తే బండి ఉంటుంది, లేదంటే అమ్మేస్తానని ముందే చెప్పాడు.

అది హమద్ తండ్రి సాలెం బండి. జగిత్యాల నుంచి ఈ ఎడారి దేశానికి వచ్చిన కొత్తలో ఇస్తారికి ఆయన ఈ స్టీరింగ్ మీదే డ్రైవింగ్ నేర్పాడు, సీబ్ సముద్రపు ఒడ్డున ఇసుకలో. చక్రం కూరుకుపోతే కసిరేవాడు కాదు. వెనక తలుపు దించి, దాని మీద కూర్చుని ఇద్దరికీ కహ్వా కాఫీ పోసేవాడు. చెరో ఖర్జూరం నములుతూ, వేటకు పోయే పడవలను చూస్తూ కూర్చునేవారు. ఎండ దిగాకే చక్రం తవ్వేవారు. ముసలాయన పోయాక ఆ సాయంత్రాలలో ఇస్తారికి మిగిలింది ఈ పికప్ ఒక్కటే.

అందుకే క్యాంపర్ ఎక్కించగానే వెనక కుంగిన బండికి, సైట్లలో అందరూ చేసినట్టే, అదనంగా కమాను పట్టీలు వేయించాడు. బండి సమంగా నిలబడింది.

"తలుపు పక్క రేకు మీద మోసే బరువు రాసుండాది, చూడు. పట్టీలేస్తే నడుం నిలుస్తాది, బ్రేకులు పెద్దవైతాయా?" అన్నాడు అప్పుడే ఖమరుద్దీన్. ఖాళీ క్యాంపర్ బరువు ఆ అంకెలో ఇమిడింది. నీళ్లు, గ్యాసు, మనుషులు ఇస్తారి కలపలేదు. కలపదలుచుకోలేదు. ఖమరుద్దీన్ పోరు పడలేకే ఇవాళ ట్యాంకు నింపి దిగుడుకు తెచ్చాడు.

"బ్రేకు ప్యాడ్లు మార్చేస్తా. హమద్‌కేం దెలుస్తాది?" అన్నాడు ఖమరుద్దీన్ మెల్లగా.

ఇస్తారి బ్రేకులు చల్లారాక ట్యాంకు ఖాళీ చేసి, సీబ్ దాకా నెమ్మదిగా నడిపాడు.

ఇంటి గేటు దగ్గరే హమద్ ఎదురొచ్చాడు. "మోసిందా?" అన్నాడు వచ్చీరాని ఉర్దూలో.

"మోయదు అర్బాబ్," అదే భాషలో చెప్పాడు ఇస్తారి.

"సమంగానే నిలబడిందిగా?"

"నిలబడుతుంది. దిగుడులో ఆగదు. పిల్లల్ని ఎక్కించొద్దు."

హమద్ ఫోన్ తీసి, పాత బండ్లు కొనే బేరగాడికి కలిపాడు.

క్యాంపర్ బోల్టులు విప్పడానికి ఇస్తారి, ఖమరుద్దీన్ బండి కిందికి దూరారు.

"ఒక్క అబద్ధం చెప్పింటే బండి నీ కాడే ఉన్నింటాది," గొణిగాడు ఖమరుద్దీన్.

"ఉంటుండె," అన్నాడు ఇస్తారి, పానా తిప్పుతూ. "రేపటిదాంక."