నెల ఖర్చులో నేను

"వంటకి ఎంత రాయను మావయ్యా?" అని అడిగాడు మా ఆడపడుచు కొడుకు.

నేను అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా వాళ్లిద్దరికీ టీ పెడుతున్నాను. వాడు బ్యాంకులో పని చేస్తాడు. వచ్చే నెల మా ఆయన రిటైరవుతున్నారని, ఆ తర్వాత హాయిగా గడవాలంటే నెలకి ఎంత కావాలో లెక్క కట్టిపెడతానని ల్యాప్‌టాప్ వేసుకుని వచ్చాడు.

"సున్నా రాసెయ్. మీ అత్తయ్య ఉందిగా," అన్నారు ఈయన.

"ఇంటి పనికి?"

"అదీ అంతే."

"వయసు మీద పడ్డాక చూసుకునే మనిషికి? ఈ రోజుల్లో దానికే ఎక్కువవుతుంది."

"నువ్వు మరీనురా! మీ అత్తయ్య ఎక్కడికి పోతుంది? ఈ నెలాఖరుకి ఉద్యోగం కూడా మానేస్తోంది."

నేను మానేస్తున్నట్టు నాకింకా తెలీదు. రాజీనామా కాగితం ఆయనే రాసి ఫ్రిజ్ మీద పెట్టి, పది రోజులుగా "సంతకం పెట్టావా?" అని ప్రాణం తీస్తున్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ మానేయాలనే ఉంది. ఇరవై ఒక్క ఏళ్లుగా ల్యాబులో నిలబడి రక్తం తీస్తున్నాను. నరం దొరక్కపోతే తిట్లు, దొరికితే అదేం గొప్ప అన్నట్టు చూపులు. సాయంత్రమయ్యేసరికి కాళ్లు నావి కావు. కానీ ఇంకో నాలుగేళ్లు చేసి రిటైరైతేనే నాకంటూ పెన్షన్ వస్తుంది. ఆ మాటంటే "నా పెన్షన్ నీది కాదా?" అంటారు. ఆయన జీతం దాచుకోవడానికి, నా జీతం ఇల్లు గడవడానికి అని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే తేల్చేశారు. నాది కూరల్లో, కరెంటు బిల్లుల్లో, పిల్ల ఫీజుల్లో ఎప్పటికప్పుడు కరిగిపోయింది. దాచిందంతా ఆయన పేరు మీద ఉంది.

మా అత్తగారు మంచాన పడితే ఆరేళ్లు చేశాను. డ్యూటీకి వెళ్లే ముందు ఒళ్లు తుడిచి, బట్ట మార్చి, పుండ్లు పడకుండా పక్కకి తిప్పేదాన్ని. ఈయన గుమ్మంలో నిలబడి "అమ్మ తిన్నదా?" అని అడిగేవారు. అంతటితో కొడుకు బాధ్యత తీరిపోయేది. ఆవిడ పోయాక ఒకరోజంతా ఒళ్లు తెలీకుండా నిద్రపోయాను. లేచి సిగ్గుపడ్డాను కూడా. ఇప్పుడు ఈయన వంతన్నమాట. నా మోకాళ్ల సంగతి ఏ గడిలో రాస్తారో మరి.

"అత్తయ్య వల్ల బోలెడు మిగిలింది మావయ్యా! ఏడాదికో టూరు వెయ్యొచ్చు."

"మా ఆఫీసు వాళ్లతో వెళ్తాలే. మీ అత్తయ్యకి ప్రయాణాలు పడవు."

నేను ప్రయాణం చేసిందెప్పుడు, పడకపోవడానికి!

కప్పులు వాళ్ల ముందు పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను," అన్నాను.

"పిల్లాడి ముందు ఇప్పుడెందుకు ఈ గొడవ?" అన్నారు ఈయన.

వాడు ఇబ్బందిగా కదిలి, "పోనీ, నీ రిటైర్మెంట్ ఎప్పుడని రాయను అత్తయ్యా?" అన్నాడు.

"ఉద్యోగానికైతే ఇంకా నాలుగేళ్లుంది నాన్నా," అన్నాను. "వంటింటికి మాత్రం వచ్చే నెలే. మీ మావయ్యతో పాటే."