కదపకూడని సీసా

మా బావ చేతులు ఒకచోట ఊరుకోవు. భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే చెంచాలన్నీ వరసగా సర్దుతాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాడి చొక్కా గుండీ సరిచేస్తాడు. ఎముకల డాక్టరుకి ఆ చేతులే అన్నం పెడుతున్నాయి కాబట్టి ఎవరూ ఏమీ అనరు. నేను అంటాను. మరదల్ని కదా, ఆ హక్కు నాకుంది.

బావ పనిచేసే ఆసుపత్రిలోనే పై అంతస్తులో కణాలు పెంచే ల్యాబు నాది. ఈసారి మా చేతుల్లో పడ్డ పేషెంటు మా అక్క.

అక్క ఈత నేర్పుతుంది. ఈతకొలను గట్టు మీద జారిపడి మోకాలి కింద ఎముక రెండు ముక్కలు చేసుకుంది. రెండు ఆపరేషన్లయ్యాయి, రాడ్డు వేశారు, అయినా ముక్కలు అతుక్కోలేదు. ఎక్స్‌రేలో మధ్యన నల్లటి సందు అలాగే ఉండిపోయింది. అప్పటినుంచీ నీళ్ళలోకి దిగకుండా, చంకకర్రల మీద గట్టునే నిలబడి ఈల ఊదుతోంది. ఇక మిగిలిన దారి ఒక్కటే: ఆమె ఎముకల మజ్జలోంచి కొత్త ఎముకని పుట్టించగల మూలకణాలు తీసి, పెంచి, ఆ సందులో పెట్టడం. అదీ కుదరకపోతే కాలు ఇక ఇంతేనని బావ స్నేహితుడైన సర్జను చెప్పేశాడు. ఆపరేషన్ చేసేది ఆయనే. సొంత భార్య మీద కత్తి పెట్టే ధైర్యం బావకి లేదు, మంచిదే.

తుంటి ఎముకలోంచి సూదితో మజ్జ లాగుతున్నప్పుడు అక్క నా చెయ్యి నలిపేసింది. తర్వాత చెమట తుడుచుకుంటూ, "ఇదే ఆఖరుసారి. మళ్ళీ ఆ సూది పట్టుకొస్తే నిన్ను మా గుమ్మం తొక్కనివ్వను" అంది. అక్క అందంటే అన్నదే.

కాబట్టి ఆ కాస్త మజ్జే నాకున్నదంతా. దాన్ని చిక్కటి ద్రవం మీద నెమ్మదిగా పోసి, గిరగిరా తిప్పే యంత్రంలో పెట్టాను. ఎర్రకణాలు అడుక్కి దిగాయి, మధ్యలో పాల మీద మీగడలా పల్చటి తెల్లపొర తేలింది. ఊపిరి బిగబట్టి ఆ పొరని పిపెట్ అనే సన్నటి గొట్టంతో లాగి, చదునైన ప్లాస్టిక్ సీసాలో పోషక ద్రవంతో కలిపి, ఒంటి వేడి ఉండే ఇంక్యుబేటర్లో పడుకోబెట్టాను. ఆ పొరలో మూలకణాలు చాలా తక్కువ. అయితే వాటికో గుణం ఉంది. నిదానంగా అడుక్కి దిగి ప్లాస్టిక్‌ని అంటుకుంటాయి. మిగతావి తేలుతూ ఉంటాయి, వాటిని వంచి పారబోస్తాం. అందుకని మొదటి మూడు రోజులూ సీసాని కదపకూడదు. ఇంక్యుబేటరు తలుపు మీద ఎర్ర అక్షరాలతో రాసి అంటించాను కూడా: "తెరవొద్దు. బావా, మీకే చెబుతున్నా."

గడువు అయ్యాక తీసి చూస్తే సీసా మెడ దాకా తడిసి ఉంది. పడుకుని ఉన్న సీసాకి మెడ తడవదు, ఎవరో ఎత్తి అటూ ఇటూ వంపితే తప్ప. మైక్రోస్కోపులో చూస్తే అంటుకున్న కణాల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతాదంతా తేలుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ల్యాబు తాళంచెవి ఉన్నది నా దగ్గరా, బావ దగ్గరా మాత్రమే.

కింద ఆయన గదిలోకి దూసుకెళ్ళాను.

"సీసా ఎన్నిసార్లు ఎత్తారు?"

బావ బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. "రోజుకి ఒకసారి. వెలుతురుకి పెట్టి చూశానంతే."

"మామూలు కంటికి ఏం కనబడుతుందని?"

"ఏమీ కనబడలేదు."

"తోడు పెట్టిన పాలగిన్నెని రోజూ ఊపి చూస్తారా ఎవరైనా?"

ఇంకా చాలా అనేదాన్నే. కానీ కాగితాల మీద ఆ చేతులు ఆగిపోయాయి. "ఎందరి కాళ్ళో అతికించాను. మీ అక్క కాలు మాత్రం చేతులు ముడుచుకుని చూడమంటే నా వల్ల కావడం లేదు" అన్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. నాకు కోపం పోలేదు, జాలి కూడా వేసింది. పైకి వచ్చేశాను.

సీసా వంచాను. తేలే కణాలున్న ద్రవాన్ని మందునీళ్ళ బకెట్లో పారబొయ్యాలి, అది ల్యాబు పద్ధతి. కానీ నేను టూత్‌పేస్టు గొట్టాన్ని కత్తిరించి లోపల గీకి వాడే రకం. అక్క నాకు చిన్నప్పుడు పెట్టిన పేరే పీనాసి. ఆలస్యంగా దిగే కణాలు ఇంకా అందులో ఉండొచ్చు కదా అని ఆ ద్రవాన్ని కొత్త సీసాలో పోసి, పాతదాని పక్కనే పడుకోబెట్టాను. ఇంక్యుబేటరుకి వేరే తాళం వేసి, చెవి మెడలో వేసుకున్నాను.

పిలిచేదాకా పైకి రావద్దని బావకి చెప్పాను. అయినా రోజూ వచ్చేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని తలుపు బయటే నిలబడేవాడు. "ఏమైనా?" అనేవాడు. "వెళ్ళండి" అనేదాన్ని.

వారం గడిచాక కొత్త సీసాని మైక్రోస్కోపు కింద పెట్టాను. మొదట ఏమీ లేదు. కాస్త పక్కకి జరిపితే ఒక మూల సన్నగా, పొడుగ్గా, అడుగుని గట్టిగా పట్టుకుని ఒక కణాల గుంపు. ఇంకాస్త దూరంలో మరో గుంపు. నేను అరిచిన అరుపుకి తలుపు బయట బావ ఉలిక్కిపడ్డాడు.

"రండి, చూడండి!"

చేతులు వెనకే ఉంచుకుని వంగి చూశాడు. "మసగ్గా ఉంది. ఆ మర నువ్వే తిప్పు" అన్నాడు. తిప్పాను. బావ చాలాసేపు తల ఎత్తలేదు.

కణాలు పెరిగాయి. వాటిని మరికొన్ని సీసాల్లోకి పంచి పెంచాను, సూక్ష్మజీవులు లేవని పరీక్షలు చేయించాను. బావ స్నేహితుడు అక్క కాలు తెరిచి, వాటిని ఆ సందులో నింపాడు. ఆ తర్వాత కాలు నేల మీద ఆనించకూడదన్నాడు. అక్క మంచం మీదనుంచే ఇంటిల్లిపాదికీ ఈల ఊది పనులు చెప్పింది.

కొన్ని నెలలకి ఎక్స్‌రే తీశారు. అక్క మంచం పక్కన నిలబడి, ఆ ఫిల్మున్న కవరు బావ నా చేతిలో పెట్టి గోడవైపు తిరిగాడు. "నువ్వే చూడు" అన్నాడు.

ఫిల్మును కిటికీ వెలుతురుకి పెట్టాను. నల్లటి సందులో సన్నటి తెల్లచారిక. ఈ ముక్కనుంచి ఆ ముక్కదాకా ఇంకా పూర్తిగా చేరలేదు. కానీ కిందటి ఫిల్ములో అక్కడ ఏమీ లేదు.

"ఎముక పుడుతోంది బావా!"

"నీ పీనాసితనం నా కాలికి పనికొచ్చిందే!" అంటూ అక్క నవ్వింది, ఏడ్చింది, ఊదడానికి ఈల వెతుక్కుంది.

బావ వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. మోకాలి కింద కుట్ల మచ్చ వైపు చూసి, "ముట్టుకోవచ్చా?" అన్నాడు.

అక్క నావైపు తిరిగింది. "విన్నావటే? పెళ్ళయిన ఇన్నేళ్ళకి అడిగి ముట్టుకుంటున్నారు మీ బావ."

బావ ఆ మచ్చ మీద చెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి చాలాసేపు కదల్లేదు.