మేకప్ అక్కర్లేని దెయ్యం

తలంటుకుని మేడ మీద ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. కింద నుంచి మావారి కేక: "ఏమే, సినిమావాళ్ళొచ్చారు, కాఫీ పట్రా. ఆ జుట్టు ముడేసుకుని రా, దెయ్యమనుకుంటారు!"

తడిజుట్టు ముడివేస్తే ఆరదు. సామర్లకోటలో పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైనదాన్ని, ఆ మాత్రం తెలుసు. విరబోసిన జుట్టుతోనే కాఫీ తీసుకువెళ్ళాను. ప్రొడక్షన్ మేనేజరు బుల్లిరాజు నన్ను చూసి కప్పు అందుకోవడం మరిచిపోయాడు.

"మా దెయ్యం వేషం మేడంగారే వేసేస్తే మేకప్పే అక్కర్లేదండి!"

మావారు పకపకా నవ్వారు. "పెళ్ళైన దగ్గర్నుంచీ ఊరికే వేస్తోందండి."

గోదావరి కనబడే మా రాజమండ్రి మేడను షూటింగుకు ఇస్తానని ఆయన అప్పటికే మాటిచ్చేశారు. యూనిట్ మొత్తానికి వంట నేనే చేస్తానని కూడా. ఇది నా జీతంతో కట్టిన ఇల్లన్న సంగతి వారి మధ్య ప్రస్తావనకు రాలేదు. పెళ్ళిచూపుల్లో మా అత్తగారు "పిల్ల నలుపే గానీ ఉద్యోగం ఉంది" అని సర్దుకున్నారు. అప్పటినుంచీ ఉద్యోగం వాళ్ళది, నలుపు నాది. దెయ్యాలను నేను నమ్మను. చూశామన్నవాళ్ళను మాత్రం శ్రద్ధగా విచారించాను. మగదెయ్యం అరుదు. పసిమిచాయతో, నున్నగా జడ వేసుకుని వచ్చిన దెయ్యం ఒక్కటీ లేదు.

"కథేంటండీ?" అన్నాను.

"జమీందారు, పెళ్ళాం నల్లగా ఉందని చంపేసి తెల్లటమ్మాయిని చేసుకుంటాడండి. చచ్చినావిడ దెయ్యమై ఈ అమ్మాయిని పట్టుకుంటుంది. హీరోయిను బొంబాయి అమ్మాయండి, పాలనురుగే! దెయ్యం పట్టగానే మొహానికి నల్లరంగు కొట్టేస్తాం."

"రక్తప్రసరణ ఆగితే మనిషి పాలిపోతారు, బుల్లిరాజుగారూ. సైన్సు ప్రకారం దెయ్యమే తెల్లబడాలి."

"తెల్లగా ఉంటే జనం భయపడరండి," అన్నాడు. నిజమే చెప్పాడు.

"మరి చంపినాయనకు మేకప్పేంటి?"

"ఆయనకెందుకండీ? మామూలుగా ఉంటాడు. ఇదిగో, సారుగారిలాగే."

మావారి నవ్వు ఆగిపోయింది. బుల్లిరాజు ఏ దురుద్దేశంతోనూ అనలేదు. కళ్ళెదుట కనిపించిన ఉదాహరణ ఇచ్చాడు, అంతే. మంచి విద్యార్థులు అలాగే ఇస్తారు.

"చచ్చినావిడను చూసి వణికి, చంపినవాణ్ణి చూసి వణకని సినిమాకు నా ఇల్లివ్వనండి," అన్నాను.

"ఏమే, నేను మాటిచ్చేశాను!"

"అయితే ఆ మాటలోనే చేసుకోమనండి షూటింగు."