నిలబెట్టిన ఇటుక

ఇటు జరిగి కూర్చో బిడ్డా, ఇంకా దగ్గరికి, ఇది మీ తాత ఓదెలు గుండెలో ఒక మధ్యాహ్నమంతా కొట్టుకున్న మాట, డెబ్భై నాలుగో సంవత్సరం, మెకానిక్కుగా చేయి తిరిగిన రోజులు, ఇటుక దూరింది కదా, దూరింది, బండి కడుపు కింద ఇటునుంచి పెట్టి అటునుంచి తీసిన, అనుకుంటూ పురానాపూల్ మీద ఎండలో నిలబడ్డాడు, చేతిలో అదే ఇటుక, ఎందుకు తెచ్చుకున్నాడో తనకే తెలియదు, కింద మూసీ వాసన, పక్కన జామకాయలమ్మే సత్తెమ్మ, ఇటుక పట్టుకొని ఎవరిల్లు కడ్తున్నవ్ రా అంది, నవ్వు రాలేదు, పొద్దున పెళ్లికొడుకు సోమశేఖర్, డ్రైవరు, ఇద్దరే ముందు సీట్లో కూర్చున్న కారు వంతెన చివరి పాత కోట దర్వాజా ముందు ఉబ్బిన రాళ్లు దాటుతుంటే సన్నగా గీరిన చప్పుడు, గోటితో పళ్లెం గీకినట్టు, వంగి చూస్తే రాయి మీద తెల్లటి కొత్త గీత, ఇద్దరికే గీత పడితే మరి నిండు బండికి,

బండి నేలకు ఆనుకొని పాకినట్టు పోవాలె భాయ్, అని ఏదో ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూపించాడు సోమశేఖర్, సరే అని ఓదెలు వెనక కమాను పట్టీలు రెండేసి తీశాడు, ముందు స్ప్రింగులు ఒక చుట్టు కోశాడు, అందాకా ఫికర్ లేదు, కరీం ఉస్తాద్ నేర్పిన కొలత ఉంది, టాంకి నింపు, నలుగురు బరువైనోళ్లను కూసోబెట్టు, గప్పుడు ఇటుక నిలబెట్టి దూర్చు, తగిలిందా బండిని మళ్ల లేపు, ఆ బరువు కోసం ఉస్తాద్ పక్క దుకాణం మిఠాయి సేటుకు ఛాయ్ పోయించి మరీ సీట్లో కూర్చోబెట్టేవాడు, కానీ పసుపు రాసి దండలేసిన బండి చుట్టూ తిరుగుతూ పెళ్లికొడుకు తండ్రి గుండయ్య సేటు, కోడలు కూసునే సీటు, ఆమెకంటె ముందుగాల ఎవ్వడు ఎక్కొద్దు అన్నాడు, బస్తాలన్నా వేసి చూస్త సేటు అంటే సీటు ఖరాబైతది అన్నాడు, అట్లనే సేటు అని తల ఊపింది తానే, ఖాళీ బండి కింద ఇటుక దూర్చింది తానే, ఆ కడుపు కిందే చిటికెన వేలంత బ్రేకు నూనె గొట్టం, అది తెగితే బ్రేకు పడదు, దర్వాజా అవతల వాలు, వాలు నిండా బజారు, తట్టల ముందు కూర్చున్న ఆడవాళ్లు, పిల్లలు,

బ్యాండు వినబడింది, వంతెన మీదికి నల్ల కారు, ముందు డ్రైవరు పక్కన గుండయ్య, వెనక సోమశేఖర్, కొత్త కోడలు సావిత్రి, ఆమె చెల్లెలు, లావుపాటి మేనత్త, డిక్కీలో సారె బిందెలు, వెనక చక్రాలు సగం మడ్గార్డుల్లోకి పోయాయి, ఓదెలు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు, ఎప్పుడు నడిచాడో, ఏందిరా, దిమాక్ ఖరాబైందా, పెండ్లి బండికి అడ్డమొస్తవా, గుండయ్య అరుస్తున్నాడు, ఎవ్వరు దిగకుండ్రి అని మోకాళ్ల మీద పడి ఇటుక నిలబెట్టి నెట్టాడు, పోలేదు, పడుకోబెట్టి నెట్టాడు, అదీ ఇరుక్కుంది, ఏమైంది అన్నా, అని లోపలినుంచి సావిత్రి గొంతు, ఆ గొంతు చెవిన పడ్డాకే తెలిసింది ఓదెలుకు, షెడ్డులో ఇటుక దూర్చినంతసేపూ తాను బండి కిందికి చూడలేదు, సేటు ముఖమే చూశాడు.

మీ తాత చెప్పింది విని సావిత్రమ్మ దిగింది బిడ్డా, అత్తగారిల్లు చేరకముందే నేల మీద కాలు పెడ్తవా అని మామ లొల్లి చేస్తున్నా, పారాణి కాళ్లతో ఆ కాలే రాళ్ల మీద నడిచి దర్వాజా దాటింది, గుర్తుంచుకో, రేపు నీ పిల్లలకు చెప్పు, చెప్పేటప్పుడు తాతను మంచోణ్ణి చేసి చెప్పకు, అట్లనే సేటు అన్న ఆ మాటతో సహా చెప్పు.