కుసుమకుమారిగారు నిలబెట్టిన ఉద్యోగం

“ఆ తీగలల్ల కరెంటు ఉంటది గదమ్మా, షాకు కొడితే పిల్లగాన్ని ఎవరు చూస్తరు?” అన్నాను.

అప్పటికి మా స్తెఫనుకు ఉద్యోగమే రాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా రేకుల ఇంటి ముందు పీట మీద కూర్చుని కుసుమకుమారిగారు ‘టెలిఫోను బోర్డు’ అన్నారో లేదో, నాకు ముందు షాకే గుర్తుకొచ్చింది. నా బుర్ర అంతే. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే నాకు పందిరి కూలడం కనిపిస్తుంది.

ఆమె నవ్వలేదు. “మంచి ప్రశ్న అడిగారు సారమ్మగారూ. కనుక్కుని చెబుతాను,” అన్నారు. నిజంగానే కనుక్కుని మళ్ళీ వచ్చారు. “నేనే వేలు పెట్టి చూశానండీ. గంట మోగేటప్పుడు తగిలితే కాస్త జిల్లుమంటుంది, అంతే. ప్రాణం పోయేంత కరెంటు కాదు.”

ఒక తల్లి భయం తీర్చడానికి తన వేలు పెట్టి చూసిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

స్తెఫనుకు ఐదేళ్ళప్పుడు మశూచి పోసింది. ప్రాణం దక్కింది గాని రెండు కళ్ళూ పోయాయి. మిషను వాళ్ళ బడిలో చుక్కల అక్షరాలు వేళ్ళతో చదవడం, కుర్చీలు అల్లడం నేర్చుకున్నాడు. చదువు అయిపోయి ఇంటికొచ్చాక అల్లడానికి కుర్చీలు ఎవరిస్తారు? మా ఆయన ప్రభుదాసు కూరగాయల తోటలో కావలి కాసేవాడు. స్తెఫను పగలంతా గోడకు ఆనుకుని రోడ్డు మీద పోయే బస్సుల చప్పుడు వింటూ ఉండేవాడు.

కుసుమకుమారిగారిది తెనాలి వైపు. మలక్‌పేటలో కిరాయికి ఉండేవారు. కళ్ళో కాళ్ళో చెవులో సరిగా లేనివాళ్ళకు పని వెతికిపెట్టడం ఆమె ఉద్యోగం. ఆఫీసులో కూర్చుని పేర్లు రాసుకుంటే జీతం వచ్చేదే. ఆమె మాత్రం చెప్పులు అరిగేలా ఫ్యాక్టరీల వెంట తిరిగేవారు. ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న చోటు దాటాక, విజయవాడ రోడ్డు మీద జోగారావుగారి పంపుసెట్ల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడికి పోయి, కళ్ళకు చేతిరుమాలు కట్టుకుని, ఒక పూటంతా టెలిఫోను బోర్డు ముందు కూర్చున్నారట. ఫోను వస్తే బోర్డు మీద చిన్న రేకు మూత టప్పుమని పడుతుంది. ఏ మూత పడిందో వేలితో తడిమి, దాని కింది కంతలో తీగ గుచ్చాలి.

“చూపు ఉండీ కళ్ళు కట్టుకున్నదాన్ని, నాకే అందిందండీ ఆ పని,” అన్నారు ఆమె. “మీవాడి వేళ్ళకు ఆటే.”

స్తెఫను మెల్లగా అడిగాడు. “నేను ఏమనాలమ్మా ఫోన్ల?”

“కంపెనీ పేరు చెప్పి, నమస్కారమండీ అను.”

వాడు తలూపాడు. ఇల్లంతా తిరుగుతూ రెండురోజులు అదే అన్నాడు. తీరా బోర్డు ముందు కూర్చున్నాక మూత పడగానే, పుట్టినప్పటినుంచీ మా చర్చిలో పలికిన మాటే నోట్లోంచి వచ్చింది. “వందనాలు! జోగారావు పంపుసెట్లు!”

మొదటి వారం కుసుమకుమారిగారే వాడితో బస్సులో పోయి, ఏ మలుపు దగ్గర లేవాలో, గేటుకు ఎన్ని గజాలో చెప్పి నేర్పారు. నన్ను రానివ్వలేదు. ఆ తరువాత కూడా వారానికొకసారి ఫ్యాక్టరీకి వచ్చి అడిగేవారు. కూర్చోవడం బాగుందా, ఎవరైనా ఎగతాళి చేస్తున్నారా, ముద్ద ఎక్కడ కూర్చుని తింటున్నావు అని. “పని ఇప్పించేశారు గదమ్మా, ఇంక మీకెందుకు ఈ తిప్పలు?” అంటే, “ఇప్పించడం ఒక పూట పని సారమ్మగారూ. నిలబెట్టడమే అసలు పని,” అనేవారు.

కొన్నాళ్ళకే తెలంగాణ గొడవలు మొదలయ్యాయి. కాలేజీలు మూతపడ్డాయి. ఇవాళ బందు, రేపు కర్ఫ్యూ. ఉద్యోగాల్లో మా వాళ్ళకు అన్యాయం జరిగిందని పిల్లలు రోడ్ల మీదికి వచ్చారు. కాల్పుల్లో పిల్లలు పోయారని విన్న రోజు నాకు ముద్ద దిగలేదు.

పక్కింటి పోచమ్మ గిన్నెలు తోముకుంటూ అంది. “ఏమే సారమ్మా, మా నౌకర్లు మాకియ్యిమని లోకమంత లొల్లి జేస్తుంటే, నీ కొడుకు ఆంధ్రోళ్ళ కంపెనీల చేసుడేంది?”

“ఇచ్చినోళ్ళు వాళ్ళేనాయె పోచక్కా. నువ్వొకటి ఇప్పియ్యి, రేపే మాన్పిస్త.”

“నేనిప్పిస్తె గీ గిన్నెలు తోమే నౌకరే!” అని తనే పకపకా నవ్వింది.

బయటికి అలా అన్నాను గాని, బస్సు చప్పుడు ఆలస్యమైతే చాలు, నాకు రోడ్డు మీద రాళ్ళే కనిపించేవి.

నేను భయపడ్డ వైపునుంచి కాకుండా ఇంకో వైపునుంచి వచ్చింది ఆపద. ఆ రోజు కొందరు విద్యార్థులు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి బందుకు మూసెయ్యమన్నారు. జోగారావుగారు బయటికి వెళ్ళి వాళ్ళతో మాట్లాడుతున్నారు. ఏ గొడవా లేదు. మజ్జిగ కూడా ఇప్పించారట. సరిగ్గా అప్పుడే ఆయన భార్య హనుమాయమ్మగారు ఇంటినుంచి ఫోను చేశారు. ఆమె ఎప్పుడూ సాయంత్రం చేసేవారు. ఆ వేళకు బోర్డు దగ్గర గుమస్తా ఉండేవాడు. స్తెఫను గొంతు ఆమె ఎన్నడూ వినలేదు.

“వందనాలు!” అన్నాడు మావాడు.

“ఎవరు నువ్వు? మా వారేరీ?”

“సారు లోపల లేడమ్మా. పోరగాళ్ళొచ్చిండ్రు. గేటు కాడ ఉన్నడు.”

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కాని ఆ యాసలో ఆమెకు వినిపించింది వేరు. ఆఫీసు ఉద్యమం వాళ్ళ చేతుల్లోకి పోయింది, వాళ్ళలో ఒకడు దర్జాగా కుర్చీలో కూర్చుని ఫోను ఎత్తుతున్నాడు, మొగుణ్ణి బయట నిలబెట్టారు అని ఆమె అనుకున్నారు. వెంటనే అన్నదమ్ములకు కబురు పెట్టారు. వాళ్ళు కర్రలు పట్టుకుని జీపులో దిగారు. మజ్జిగ తాగుతున్న పిల్లలు కర్రలు చూసి రాళ్ళు అందుకున్నారు. గేటు కావలి గోపయ్య మధ్యలో నిలబడి, “ఎవ్వల్ని ఎవ్వలు కొట్టలే! ఆగుండ్రి నాయనా!” అని గొంతు పోయేలా అరిస్తే గాని ఆగలేదు. రవ్వంతలో తప్పింది, లేకుంటే తలలు పగిలేవి.

సాయంత్రం జోగారావుగారు స్తెఫనును పిలిచి, “నీ తప్పు లేదబ్బాయ్. కాని ఈ గొడవల్లో నిన్ను పెట్టుకుని నేను వేగలేను. అన్నీ సర్దుకున్నాక చూద్దాం, ఇంటి దగ్గర ఉండు,” అన్నారట.

వాడు ఇంటికొచ్చి మళ్ళీ ఆ గోడకే ఆనుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. బిడ్డ కళ్ళెదుట ఉన్నాడు, రాళ్ళు లేవు, లాఠీలు లేవు. మర్నాడు మాత్రం చూశాను. వాడి వేళ్ళు ఊరికే ఉండడం లేదు. గోడ మీద వరసగా తడుముతున్నాయి, పడిన మూత కోసం వెతుకుతున్నట్టు. “అన్నం తినురా,” అంటే, “ఆకలైతలేదమ్మా. పని చేస్తెగద ఆకలైతది,” అన్నాడు.

మూడోనాడు బందు. బస్సు లేదు, రిక్షా లేదు. సంగతి ఎలా తెలిసిందో, ఎండలో మలక్‌పేటనుంచి నడిచి కుసుమకుమారిగారు మా వాకిట్లో నిలబడ్డారు. చెమటకు బొట్టు కారిపోయింది. దారిలో నలుగురు ఆపి, ఏ ఊరు నీది అని అడిగారట.

“ఏమని చెప్పిండ్రమ్మా?” అన్నాను.

“తెనాలి అనే చెప్పాను. మీ ఊరి పిల్లాడి ఉద్యోగం పోతోంది, అడగడానికి వెళ్తున్నా, దారివ్వండి అన్నాను. ఇచ్చారు.” గ్లాసెడు నీళ్ళు తాగి, “పదండి, ఇద్దరూ రండి,” అన్నారు.

ఆ రోజుల్లో రోడ్డు మీద మాకన్నా ఆమెకే ఎక్కువ భయం ఉండాలి. అయినా మా కోసం నడిచారు. ఇప్పటికీ ప్రార్థనలో మా ఇంటివాళ్ళ పేర్ల తరువాత ఆమె పేరే చెప్పుకుంటాను.

ఫ్యాక్టరీలో మెషీన్లు ఆగి ఉన్నాయి. జోగారావుగారు ఒక్కరే గదిలో ఉన్నారు. ఆమె బతిమాలలేదు, వాదించలేదు. “మీకు ఏమేం భయాలున్నాయో ఒక్కొక్కటే చెప్పండి,” అన్నారు. నా షాకు భయాన్ని ఎలా విన్నారో ఆయన భయాలనూ అలాగే విన్నారు.

“మా ఆవిడ ఇంకా వణుకుతోందమ్మా,” అన్నారాయన.

“ఆవిడ రోజూ పొద్దున్నే ఒకసారి ఫోను చేసి ఇతనితో మాట్లాడమనండి. తెలిసిన గొంతు ఎవర్నీ భయపెట్టదు. ఇప్పుడే మొదలుపెడదామా?”

అప్పటికప్పుడు స్తెఫనును బోర్డు ముందు కూర్చోబెట్టి ఇంటికి కలిపించారు. “వందనాలమ్మా, నేను స్తెఫనును. సారు ఇక్కడ్నే ఉన్నడు, మంచిగున్నడు,” అన్నాడు వాడు. అవతల ఆమె ఏదో అడిగారు. వీడు సిగ్గుపడుతూ, “తిన్ననమ్మా. పప్పన్నం,” అన్నాడు. జోగారావుగారి మీసం కింద నవ్వు కదిలింది.

“మరి బస్సుల్లేని రోజు?”

“గోపయ్యది కొత్తపేట. సైకిల్ మీద దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చి తీసుకొస్తానన్నాడు. వస్తూ గేటు దగ్గర అడిగాను.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. తరువాత నా వైపు తిరిగారు. ఆమెతో కాదు, వాడితో కాదు, నాతోనే మాట్లాడారు.

“అమ్మా, ఇంకొక్కటే ఉంది. ఉన్నట్టుండి కర్ఫ్యూ పెడితే మీవాణ్ణి రోడ్డు మీదికి వదలను. ఆ రాత్రికి గేటు పక్కన గోపయ్య కాపలా గదిలోనే పడుకోబెడతాను. వాడు ఇంటికి రాలేదని మీరు పరిగెత్తుకుని రాకూడదు. మీకేమన్నా అయితే ఆ పాపం నేను మొయ్యలేను. దీనికి ఒప్పుకుంటే రేపే పనిలోకి రమ్మంటాను. లేదంటే లేదు.”

నేను కుసుమకుమారిగారి వైపు చూశాను. అందరి తరఫునా మాట్లాడే ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కూర్చున్నారు. ఇది మీరు చెప్పాల్సిందే అన్నట్టు.

స్తెఫను బోర్డు ముందునుంచి ముఖం నా వైపు తిప్పాడు. చెయ్యి మాత్రం తీగ మీదే ఉంది.

నా కళ్ళ ముందు అన్నీ తిరిగాయి. చీకటి గది, బయట పోలీసు బూట్లు, కళ్ళు మండే పొగ, వాడు ‘అమ్మా’ అని పిలవడం, నేను లేకపోవడం. వాకిట్లో లాంతరు పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్న నేను. ఆ పక్కనే గోడ, ఆ గోడ మీద వెతుకుతున్న వేళ్ళు. పైన ఫ్యాను కిరకిరమంటోంది. ఎవరూ తొందరపెట్టలేదు. గోపయ్య గుమ్మం దగ్గరికి వచ్చి, మా ముఖాలు చూసి, అక్కడే ఆగాడు. జోగారావుగారు కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

“ఉంచుకోండ్రి సార్,” అన్నాను చివరికి. “పండుకునేముందు జర అన్నం మాత్రం పెట్టుండ్రి. అడిగితే వద్దంటడు వాడు, అడగకుండనే పెట్టుండ్రి.”